కాటా పడిందా లేదా చూడండి: 20 డెప్త్ మీద నా మూడు నెలల రివ్యూ

నమస్తే అండీ. షేర్ మార్కెట్ యాప్‌లో మార్కెట్ డెప్త్, అంటే కొనడానికి, అమ్మడానికి వేచి ఉన్న ఆర్డర్ల పట్టిక చూసి ట్రేడ్ చేయొచ్చా, 20 డెప్త్, అంటే అందులో ఇరవై వరసలు ఉన్నాయని బ్రోకర్‌ని మార్చాలా అని చాలామంది అడుగుతున్నారు. గుంటూరులో మా ఇంట్లో కూర్చుని మూడు నెలలుగా పొద్దున 9:15 నుంచి 10 దాకా రోజూ ఇదే చూస్తున్నాను, కాబట్టి చూసింది చూసినట్టు చెబుతాను.

స్క్రీన్ చూడండి. ఎడమ పక్క కొనేవాళ్ళు, కుడి పక్క అమ్మేవాళ్ళు. ఒక్కో ధర దగ్గర ఎన్ని ఆర్డర్లు, మొత్తం ఎన్ని షేర్లు అని ఉంటుంది. మామూలుగా అయిదు వరసలు, కొన్ని యాప్‌ల్లో ఇరవై. మంచి ధర ఇచ్చినవాళ్ళ ఆర్డర్ ముందు, ధర ఒకటే అయితే ముందు వచ్చినవాళ్ళది ముందు.

రెండో వారంలో నాకు దెబ్బ తగిలింది. 182 రూపాయల దగ్గర తిరుగుతున్న షేరు. 181.90 దగ్గర 48,000 షేర్లకి కొనుగోలు ఆర్డర్ నిలబడి ఉంది, చుట్టుపక్కల వరసల్లో రెండు వేలు, మూడు వేలు తప్ప లేవు. ఇంత పెద్ద గోడ ఉంటే కిందకి ఎలా పడుతుందిలే అని 182.10కి 500 షేర్లు కొన్నాను. కొన్న కాసేపటికే ఆ 48,000 మాయం. ధర ఆ వరస దాకా రానే లేదు, ఒక్క షేరు కూడా అక్కడ ట్రేడ్ అవలేదు, ఊరికే తీసేశారు. 180.80కి బయటికి వచ్చాను, ఛార్జీలు కాక 650 పోయింది.

ఆ రోజు సాయంత్రం మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే మా బాబాయికి ఈ సంగతి చెబితే ఆయన ఒకటే మాట అన్నాడు, "అడిగినోళ్ళందరూ కొనరురా, కాటా పడిందా లేదా చూడాలి" అని. నిజమే కదా, శాంపిల్ కాయ చేతిలోకి తీసుకుని, విరిచి చూసి, ఓ రేటు అనేసి వెళ్ళిపోయేవాళ్ళు బోలెడుమంది ఉంటారు, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కాటా ఎక్కితేనే బేరం. డెప్త్‌లో కనిపించేది అడిగిన ధర. నిజంగా కాటా పడిందేమో లాస్ట్ ట్రేడెడ్ ప్రైస్ (చివరి బేరం ధర), క్వాంటిటీ (ఆ బేరంలో ఎన్ని షేర్లు), వాల్యూమ్ (ఆ రోజు మొత్తం ఎన్ని షేర్లు) దగ్గర కనిపిస్తుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకోకపోతే డెప్త్ చూడటం వల్ల లాభం కంటే నష్టమే ఎక్కువ.

ఇంకోటి, ఆ 48,000 పక్కన ఆర్డర్స్ అనే కాలమ్‌లో 1 అని ఉంది, నేను చూడలేదు. అంటే మొత్తం ఒక్కరిదే. అదే 48,000 నూట నలభై ఆర్డర్లుగా ఉంటే అందరూ ఒక్కసారి లేచిపోవడం కష్టం. ఇలా కొనే ఉద్దేశం లేకుండా పెద్ద ఆర్డర్లు పెట్టి తీసేయడాన్ని స్పూఫింగ్ అంటారు, అది నేరం. 2010 మే 6న అమెరికాలో వచ్చిన ఫ్లాష్ క్రాష్ (నిమిషాల్లో మార్కెట్ కుప్పకూలడం) కేసులో లండన్‌లో ఇంట్లో కూర్చుని ట్రేడ్ చేసిన నవీందర్ సరావ్ 2016లో స్పూఫింగ్ నేరం ఒప్పుకున్నాడు. నా ఆర్డర్ విషయంలో వాళ్ళ ఉద్దేశం ఏంటో నేను చెప్పలేను, కానీ జాగ్రత్త మనది.

దీనికి రివర్స్ కూడా ఉంది. అమ్మే పక్క 1,000 షేర్లే కనిపిస్తాయి, అదే ధరకి తొమ్మిది వేలు ట్రేడ్ అయిపోతాయి, అయినా ఇంకా 1,000 అలాగే ఉంటుంది. డిస్‌క్లోజ్డ్ క్వాంటిటీ, అంటే ఆర్డర్‌లో కొంత భాగమే బయటికి చూపించే పద్ధతి పెట్టి పెద్ద ఆర్డర్‌ని దాస్తే ఇలా కనిపిస్తుంది, ఎన్‌ఎస్‌ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్)లో కనీసం పది శాతం చూపిస్తే చాలు. ఇది పట్టుకోగలిగిన రోజు నాకు చాలా సంతోషం వేసింది.

కింద టోటల్ బై, టోటల్ సెల్ అంకెలు చూసి నిర్ణయం తీసుకోకండి, ధరకి ఎక్కడో దూరంగా పెట్టిన ఆర్డర్లు కూడా అందులోనే కలుస్తాయి.

మరి 20 డెప్త్ కావాలా? ధర ఎటు పోతుందో చెప్పడానికైతే అయిదు వరసలు సరిపోతాయి, మన ఫోన్‌కి వచ్చేది ఎలాగూ మధ్యమధ్యలో తీసిన ఫోటోల్లాంటి డేటానే. 2022-23లో క్యాష్‌లో ఇంట్రాడే, అంటే షేర్లు కొని అదే రోజు అమ్మేయడం, చేసిన పది మందిలో ఏడుగురు నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పింది, కాబట్టి డెప్త్ నేర్చుకోవడానికి వేలు పోసి కోర్సులు కొనొద్దు. కానీ చిన్న కంపెనీల షేర్లు, దూరపు స్ట్రైక్ ఆప్షన్లు (ఇప్పటి ధరకి చాలా దూరంగా ఉన్న ధర మీద కాంట్రాక్టులు) కొనేవాళ్ళకి మాత్రం 20 డెప్త్ బంగారం. 2,000 షేర్లకి మార్కెట్ ఆర్డర్, అంటే ఉన్న ధరకి వెంటనే కొనే ఆర్డర్ కొడితే ఏ వరస దాకా తినేస్తుందో, సగటున ఎంత పడుతుందో ముందే లెక్క వేసుకోవచ్చు. నేనిప్పుడు వాటిల్లో మార్కెట్ ఆర్డర్ కొట్టడమే మానేసి లిమిట్, అంటే ఇంతకి మించి ఇవ్వనని ధర చెప్పే ఆర్డర్ పెడుతున్నాను.

మొదలుపెట్టేవాళ్ళు ఒకే షేరు పట్టుకుని, పది రోజులు డబ్బు పెట్టకుండా, పెద్ద ఆర్డర్ కనిపించిన ప్రతిసారీ టైము, ధర, ఆర్డర్స్ కాలమ్, చివరికి కాటా పడిందా లేదా నోట్‌బుక్‌లో రాసుకోండి. నా నోట్‌బుక్ పేజీలు వచ్చే వీడియోలో చూపిస్తాను.