74 కాదు, 94

అందరికీ నమస్కారం.

హంగరీ ఆధునిక సంగీతం మొత్తం ఒక్క సాయంత్రంలో చెప్పడం నా వల్ల కాదు. హంగరీ స్వరకర్త బేలా బార్టోక్ ఒక పెద్ద వాయిద్య బృందం కోసం రాసిన ‘కన్సర్టో ఫర్ ఆర్కెస్ట్రా’ గురించి, దాన్ని రికార్డు చేసిన కొందరి గురించి మాత్రం మాట్లాడతాను. ఆ తర్వాతి హంగరీ స్వరకర్తలు లిగెటి, కుర్తాగ్‌ల కోసం ఇంకోసారి కలుద్దాం.

ముందు ఒక మైనపు సిలిండర్ సంగతి చెప్పాలి. 1906 నుంచి బార్టోక్, ఆయన మిత్రుడు, స్వరకర్త జోల్టాన్ కొడాయ్ మైనపు సిలిండర్ మీద పాటను రికార్డు చేసే ఎడిసన్ ఫోనోగ్రాఫ్ మోసుకుని పల్లెలు తిరిగారు. రైతుల చేత ఆ గొట్టం ముందు పాడించుకున్నారు. ఒక సిలిండర్‌లో కొద్ది నిమిషాలే పట్టేది. విన్నదాన్ని స్వరాల్లో రాసుకున్నాక కూడా బార్టోక్ వదల్లేదు. ఏళ్ల తర్వాత మళ్లీ అవే సిలిండర్లు విని, తను రాసినదాన్నే దిద్దుకున్నారు. మాట్లాడుతున్నట్టు సాగే పాటలో ఎక్కడ ఆగాలి, ఎంత లాగాలి అన్నది కాగితానికి పూర్తిగా దొరకదని ఆయనకు తెలుసు. గురువు ఎదుట కూర్చుని కీర్తన నేర్చుకున్నవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

1940లో ఆయన హంగరీ వదిలి అమెరికా వెళ్లారు. తన దేశం నాజీల వైపు మొగ్గడం ఆయన భరించలేకపోయారు. అక్కడ డబ్బు ఇబ్బంది, పైగా జబ్బు. 1943లో న్యూయార్క్ ఆసుపత్రిలో ఉండగా బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ సెర్గీ కూసెవిట్స్కీ వచ్చి, మా ఆర్కెస్ట్రాకి ఒక రచన చేసివ్వమని అడిగారు. ఆ మాట కూసెవిట్స్కీ చెవిన వేసింది ఇద్దరు హంగరీవాళ్లే: వయొలిన్ విద్వాంసుడు యోజెఫ్ సిగెటి, కండక్టర్ ఫ్రిట్జ్ రైనర్. 1944 డిసెంబర్ 1న బోస్టన్‌లో ఆ రచన మొదటిసారి వినిపించింది. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో బార్టోక్ కన్నుమూశారు.

రైనర్ బుడాపెస్ట్‌లోని సంగీత కళాశాల లిస్ట్ అకాడమీలో బార్టోక్ దగ్గర పియానో నేర్చుకున్నవారు. 1946లో పిట్స్‌బర్గ్‌లో ఈ రచనను రికార్డు చేశారు. 1955లో చికాగో సింఫనీతో ఆర్సీఏ రికార్డు కంపెనీ కోసం స్టీరియోలో మళ్లీ చేశారు. నాకు మొదట దొరికింది ఆ రెండోదే. అట్టడుగున చెల్లోలు, బాస్‌లు మెల్లగా కదలడం, పైన వయొలిన్లు వణకడం, దేనికది విడిగా వినిపిస్తుంది. ఆ స్పష్టతలో కొంచెం కాఠిన్యం కూడా ఉంది. బెర్లిన్‌లో కండక్టర్ ఫెరెంట్స్ ఫ్రిచాయ్ చేసిన రికార్డు అంత పదును చూపదు గానీ, అందులో నాట్యం ఎక్కువ. నాకు అదంటే ఇంకా ఇష్టం. ఫ్రిచాయ్, మరో ఇద్దరు కండక్టర్లు ఆంటాల్ డొరాటి, జార్జ్ షోల్టీ కూడా ఆ అకాడమీలో చదివినవాళ్లే. అయినా ఒకరి రికార్డు ఇంకొకరిలా ఉండదు.

ఇక షోల్టీ. 1980ల మొదట్లో చికాగోలో రికార్డింగ్‌కి రిహార్సల్ జరుగుతోంది. రెండో భాగంలో వాయిద్యాలు జంటలుగా వస్తాయి: బాసూన్లు, ఓబోలు, క్లారినెట్లు, ఫ్లూట్లు, చివర శబ్దాన్ని తగ్గించే మ్యూట్ పెట్టిన ట్రంపెట్లు. ఒక్కో జంట వాయించే స్వరాల మధ్య ఎడం ఒక్కో రకం. ట్రంపెట్లయితే పక్కపక్క స్వరాల్లోనే ఒరుసుకుంటూ నడుస్తాయి. అచ్చు పుస్తకంలో నడక నిమిషానికి 74 దెబ్బలు అని ఉంది. చాలా నెమ్మది. అయినా రాసి ఉన్నది పాటించాలి కదా అని షోల్టీ అలాగే నడిపించారు. వాయించేవాళ్లకు నచ్చలేదని ఆయనకు అర్థమవుతూనే ఉంది. విరామంలో సైడ్ డ్రమ్ అనే చిన్న డ్రమ్ము వాయించే ఆయన వచ్చి, తన కాగితం మీద 94 అని ఉందని చెప్పాడు.

మిగతా ఎవరి కాగితాల మీదా అంకె లేదు. ఇదే తప్పేమోనని షోల్టీ మొదట అనుకున్నారు. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచి చేతిరాత ప్రతిలో ఆ పేజీ నకలు తెప్పించి చూస్తే, స్పష్టంగా 94. ఆ భాగం పేరు కూడా వేరు. అచ్చులో ‘జంటల ఆట’ అని ఉంది, బార్టోక్ రాసుకున్నది ‘జంటల పరిచయం’. ఇన్నాళ్లూ వేల కచేరీలు, తనవి కూడా, తప్పు నడకలో జరిగాయని షోల్టీ ఒప్పుకున్నారు.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది ఆ డ్రమ్ము ఆయన లేచి వచ్చి చెప్పడం. అంత పెద్ద కండక్టర్, పైగా కుర్రతనంలో బార్టోక్‌ని దగ్గర నుంచి చూసిన మనిషి. అయినా తన ముందున్న కాగితం వేరే మాట చెబుతోందని అతను చెప్పాడు. షోల్టీ ఆ మాట విన్నారు.

ఇప్పుడు షోల్టీ చికాగో రికార్డులోంచి ఆ రెండో భాగం పెడతాను. వెంటనే రైనర్‌ది కూడా వినిపిస్తాను, పోల్చుకోండి. దయచేసి ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి, ఎందుకంటే మొదట వచ్చేది సైడ్ డ్రమ్ ఒక్కటే.