గిరాకీ అడిగిందే పాఠం

(ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్పే వలంటీర్ల సమావేశంలో, హైదరాబాద్ చిక్కడపల్లిలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, ఈ సభ పెట్టిన పిల్లలకు, వాన పడుతున్నా ఆర్టీసీ క్రాస్ రోడ్స్ ట్రాఫిక్ దాటుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పాలనే ఉంది కానీ నాకు ఇచ్చింది అరగంట. కాబట్టి ఈ ఒక్క నమస్కారమే అందరూ పంచుకోండి.

ఉచిత ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు పాఠాల కోసం అంశాలు ఎలా ఎంచుకోవాలో చెప్పమన్నారు. మీలో చాలామంది అలాంటి గింప్ అనే సాఫ్ట్‌వేర్ మీద తెలుగులో వీడియో పాఠాలు చేస్తున్నారు. ఈమధ్య ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చి, "అన్నా, ఇంకేం పాఠం చెయ్యాలో తోచట్లేదు, అన్నీ అయిపోయాయి" అన్నాడు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. అన్నీ అయిపోవడమేమిటి? అసలు మొదలే పెట్టలేదు కదా మనం!

నాది ఇక్కడికి దగ్గర్లోనే ఒక గల్లీలో చిన్న డీటీపీ, ఫోటో షాపు. ముందు జిరాక్స్ మెషీన్, వెనక కంప్యూటర్. సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువుకునే పిల్లలు, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల పిల్లలు, చుట్టుపక్కల బస్తీల వాళ్లు మా గిరాకీ. వాళ్లలో గింప్ పేరు తెలిసినవాళ్లు దాదాపు లేరు. లేయర్ అంటే ఏమిటో, మాస్క్ అంటే ఏమిటో వాళ్లకు అక్కర్లేదు. వాళ్లకు కావలసింది పని జరగడం.

1995లో అమెరికాలోని బర్కిలీలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు గింప్ మొదలుపెట్టారు. 1996లో లోకానికి ఇచ్చేశారు. అప్పటి నుంచి ఎవరెవరో, ఏ ఏ దేశాల్లోనో, వాళ్ల ఖాళీ సమయంలో కూర్చుని దాన్ని బాగుచేస్తూనే ఉన్నారు. ఇంతమంది చెమటోడ్చి ఉచితంగా చేతిలో పెట్టిన పనిముట్టుతో మనం ఏం నేర్పుతున్నాం? మంటలు అంటుకున్న అక్షరాలు. ఆకాశం మార్చడం. ముఖం ముక్కలై గాలిలో ఎగిరిపోవడం. నాకు బాధగా ఉంటుంది. మీ మీద కోపం కాదు, నిజంగా బాధ.

ఒక ట్రైనింగ్ సంస్థలో ఫోటో ఎడిటింగ్ కోర్సు చేసిన అమ్మాయి మా షాపులో పనికి వచ్చింది. సర్టిఫికెట్ ఉంది, చెయ్యి చురుకు. ముఖాన్ని సగం పులిగా మార్చి చూపించింది. "అమ్మా, నాలుగు బై ఆరు అంగుళాల పేపర్ మీద ఎనిమిది పాస్‌పోర్ట్ ఫోటోలు పెట్టు" అన్నాను. బిక్కమొహం వేసింది. ఆ అమ్మాయి తప్పు లేదు, ఎవరూ నేర్పలేదు. 35 బై 45 మిల్లీమీటర్లంటే 300 పీపీఐలో, అంటే అంగుళానికి 300 పిక్సెల్స్ చొప్పున, 413 బై 531 పిక్సెల్స్. కాగితాన్ని అడ్డంగా తిప్పితే వరసకు నాలుగు చొప్పున రెండు వరసలు పడతాయి, కత్తిరించడానికి చోటు కూడా మిగులుతుంది. పది నిమిషాల పాఠం ఇది. ఊరూరా ఉన్న షాపుల్లో దీని మీదే తిండి తింటున్నారు. తెలుగులో శుభ్రంగా చెప్పిన పాఠం ఒక్కటి చూపించండి నాకు.

సంతకం సంగతి వినండి. ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షల దరఖాస్తుకు ఫోటో 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలి. సంతకం 140 బై 60 పిక్సెల్స్ అయితే మేలంటారు, 10 నుంచి 20 కేబీ ఉండాలి. ఇవి కాక బొటనవేలి ముద్ర, చేత్తో రాసిన డిక్లరేషన్. ఆఖరి తేదీ రాత్రి మా షాపు ముందు నిలబడి చూడండి, ఒక్కొక్కరి ముఖంలో టెన్షన్ ఎలా ఉంటుందో. సెల్‌ఫోన్‌తో తీసిన సంతకంలో కాగితం బూడిదరంగులో ఉంటుంది, మూలన చేతి నీడ ఉంటుంది. వెలుగునీడలు సరిచేసే లెవెల్స్ తెరిచి, తెల్ల డ్రాపర్‌తో కాగితం మీద ఒక్క క్లిక్ చేస్తే కాగితం తెల్లబడి సంతకం తేలుతుంది. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ప్రివ్యూ దగ్గర టిక్ పెడితే ఎన్ని కేబీ అవుతుందో అక్కడే కనిపిస్తుంది. క్వాలిటీ జరుపుతూ దించుకోవచ్చు. ఎక్సిఫ్ (ఫోటోలో దాగి ఉండే కెమెరా వివరాలు), థంబ్‌నెయిల్ టిక్కులు తీసేస్తే ఇంకొంచెం తగ్గుతుంది.

ఇంకో పరేషాన్ ఉంది. సంతకం చిన్నదైపోయి నాలుగైదు కేబీకి దిగితే, తక్కువైందని దరఖాస్తు వెబ్‌సైట్ తిప్పికొడుతుంది. "అన్నా, తగ్గించమంటే తగ్గించాను, మళ్లీ ఎర్ర అక్షరాలు వస్తున్నాయి" అంటారు పిల్లలు. అప్పుడు క్వాలిటీ పెంచాలి, కొలత కూడా కాస్త పెంచి చూడాలి. ఈ చిన్న మాట చెప్పేవాళ్లు లేక, ఏ ముక్కూమొహం తెలియని వెబ్‌సైట్‌లోనో తమ సంతకం, వేలిముద్ర అప్‌లోడ్ చేస్తున్నారు పిల్లలు. సంతకం, వేలిముద్ర! ఆలోచించండి. మన కంప్యూటర్‌లోనే, ఇంటర్నెట్ లేకుండా అయిపోయే పని అది.

ఇప్పుడు నేను చెప్పడానికి వచ్చిన అసలు విషయానికి వస్తాను. టైమ్ చూసుకుంటున్న తమ్ముడు దయచేసి ఒక ఐదు నిమిషాలు ఎక్కువివ్వాలి.

ఒక రాత్రి షట్టర్ దించబోతుంటే ఒక కుర్రాడు వచ్చాడు, ఆటో నడుపుతాడు. తండ్రి మేస్త్రీ, చనిపోయాడు. దశదినకర్మకు ఫోటో కావాలి. "అన్నా, మా నాయనది ఒక్క ఫోటో గూడ సక్కగ లేదే. ఆధార్ కార్డుల ఉన్నది గని అండ్ల గుర్తువడ్తలేడు" అన్నాడు. ఫోన్‌లో చెల్లెలి పెళ్లి గ్రూప్ ఫోటో చూపించాడు. వాట్సాప్‌లో చేతులు మారి మారి వచ్చింది. తండ్రి వెనక వరసలో. ఒక భుజం అల్లుడి వెనక దాగిపోయింది. నుదుటి నుంచి గడ్డం దాకా ముఖం 130 పిక్సెల్స్. 300 పీపీఐలో ప్రింటు తీస్తే ముఖం సెంటీమీటరుకు కొంచెం ఎక్కువ వస్తుంది, అంతే. ఆ కుర్రాడు అడిగింది 12 బై 18 అంగుళాల ఫ్రేమ్.

కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. ముందు పాత్ టూల్‌తో భుజం, మెడ చుట్టూ గీత గీశాను. జుట్టు దగ్గర గీత పనికిరాదు, మాస్క్ (అక్కర్లేని భాగాన్ని దాచే పొర) పెట్టి మెత్తని బ్రష్‌తో తుడవాలి. లేని భుజం కోసం ఉన్న భుజాన్ని కాపీ చేసి ఫ్లిప్ చేశాను. అప్పుడు చొక్కాకు రెండు వైపులా జేబులు వచ్చాయి! కుడివైపు జేబును క్లోన్ టూల్‌తో మామూలు బట్టగా మార్చాను. తర్వాత నాలుగింతలు పెంచి, మరీ ప్లాస్టిక్ బొమ్మలా నున్నగా కనిపించకుండా సన్నగా నాయిస్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, వేశాను. ప్రింటు 150 పీపీఐలో పెట్టుకుంటే ముఖం తొమ్మిది సెంటీమీటర్ల దాకా వచ్చింది. అంతకంటే పెంచితే మనిషి మనిషిలా ఉండడు. చుట్టూ లేతరంగు బ్యాక్‌గ్రౌండ్ విశాలంగా వదిలాను, ఫ్రేమ్ నిండుగా కనిపించింది.

ముఖం మీద గీతలు, మచ్చలు ఉన్నాయి. మచ్చలు చెరిపే హీల్ టూల్ పట్టుకునే ముందు ఎప్పుడూ అడుగుతాను, ముఖం మీద ఏముండాలి, ఏది పోవాలి అని. ఆ కుర్రాడు ఇంటికి ఫోన్ చేశాడు. అవతల తల్లి అంది: "కనుబొమ్మ మీద గాటు తియ్యొద్దు బిడ్డా, పరంజ మీదికెల్లి పడ్డప్పటిది. అది లేకుంటే ఆయన కాదు."

ఆ గాటు ఫోటోలో మూడు నాలుగు పిక్సెల్స్ ఉంటుంది. ముఖం నున్నగా చెయ్యడం మీద పాఠాలు బోలెడు చేశారు మీరు. ఏది చెరపకూడదో, ఇంటివాళ్లను ఏమని అడగాలో ఒక్క పాఠంలో కూడా లేదు. మన ఊళ్లో ప్రతి డీటీపీ షాపులో ఈ పని జరుగుతుంది. చావుకు సీజన్ లేదు కదా. రాత్రికి రాత్రి ఫోటో, ఫ్లెక్సీ, పేపర్ ప్రకటన కావాలి. పని రానివాడి చేతిలో పడితే వేరే ఎవరిదో కోటు మీద తలకాయ అతికించి ఇస్తాడు. జీవితంలో కోటు వేసుకోని మనిషికి కోటు. ఆ ఇంట్లో గోడ మీద ఆ ఫోటోయే ఉండిపోతుంది. మీలో ఒక్కరైనా ఈ పాఠం చెయ్యండి. చేతులు జోడించి అడుగుతున్నాను.

అంశం వదిలేసి ఎక్కడికో పోయానని నిర్వాహకులు అనుకుంటున్నారేమో. నేను అంశంలోనే ఉన్నాను. పాఠం వెతుక్కోవడానికి మెనూలు తెరవకండి. ఏదైనా జిరాక్స్ షాపులోనో మీసేవ దగ్గరో ఒక సాయంత్రం కూర్చోండి. వచ్చినవాళ్లు అడిగింది అడిగినట్టు, వాళ్ల మాటల్లోనే ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. "సేవ్ చేసిన, ఫోన్ల ఓపెన్ అయితలేదు" అంటారు. అదే పాఠం పేరు. గింప్‌లో సేవ్ కొడితే గింప్ సొంత ఎక్స్‌సీఎఫ్ ఫైలు అవుతుంది, జేపీజీ కావాలంటే ఎక్స్‌పోర్ట్ చెయ్యాలి. 2012లో 2.8 వెర్షన్ వచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి, ఇప్పటికీ కొత్తవాళ్లు ఇక్కడే ఆగిపోతున్నారు. "ఫైల్ ఫార్మాట్ల పరిచయం" అని పేరు పెడితే వాళ్లు ఆ పాఠం తెరవరు.

క్యాలెండర్ కూడా చూడండి. జూన్‌లో అడ్మిషన్లు. ఆషాఢంలో బోనాల ఫ్లెక్సీలు, భాద్రపదంలో వినాయక చవితి మండపాలవి. మాఘంలో పెళ్లిపత్రికలు, వాటిని అచ్చేసే ఛత్తా బజార్‌లో కాలు పెట్టే సందు ఉండదు. రెండు వారాల ముందు పాఠం సిద్ధంగా ఉంటే ఆ రోజుకు అక్కరకొస్తుంది. ఫ్లెక్సీ అంటే గుర్తొచ్చింది. పది అడుగులు బై ఆరు అడుగులకు 300 పీపీఐ పెడతారు కొత్త పిల్లలు. 36,000 బై 21,600, అంటే 77 కోట్ల పిక్సెల్స్ పైమాటే. కంప్యూటర్ అక్కడే మొరాయిస్తుంది. రోడ్డు మీద దూరం నుంచి చూసేదానికి 72 చాలు, నాలుగున్నర కోట్లలో అయిపోతుంది. ఈ లెక్క ఒక్కటే ఒక పాఠం.

తెలుగు అక్షరాల విషయం. పాత, యూనికోడ్ (ఎక్కడైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కాని ఫాంట్లకు అలవాటు పడి, అందులోని అక్షరాలు వేరేచోట పెడితే పిచ్చిగీతలు వచ్చి తల పట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. గింప్ అక్షరాలు పేర్చడానికి పాంగో, హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీలను వాడుతుంది. యూనికోడ్‌లో శ్రద్ధాంజలి అని కొడితే రావత్తు, ధావత్తు వాటి చోట్లలో అవే కూర్చుంటాయి. సిలికానాంధ్ర అనే సంస్థ వాళ్లు ఇచ్చిన రామభద్ర, మండలి, సురన్న, పొన్నాల లాంటి ఫాంట్లు ఉచితం. ఏ ఫాంట్ పెళ్లిపత్రికకు నప్పుతుంది, ఏది ఫ్లెక్సీ మీద దూరానికి కనిపిస్తుంది, ఇలాంటివి చెప్పండి.

ఇంకొకటి. పాఠం మొదట్లోనే ఏ వెర్షన్‌లో చేస్తున్నారో చెప్పండి. 2.10 వచ్చింది 2018లో, 3.0 వచ్చింది 2025 మార్చిలో. 3.0లో ఫిల్టర్ వేసినా తర్వాత వెనక్కి వెళ్లి మార్చుకోవచ్చు. గిరాకీ మళ్లీ వచ్చి "కొంచెం తెల్లగ చెయ్యన్నా" అంటే మొదటి నుంచి చెయ్యక్కర్లేదు. మాలాంటి షాపుకు అది పెద్ద వరం. పాత వెర్షన్ పాఠం చూసినవాడికి ఈ సంగతి తెలియదు.

మీరు పాఠాల్లో వాడే ఫోటోల గురించి గట్టిగా చెబుతున్నాను. గిరాకీ ఫోటో, సంతకం, ఆధార్ కార్డు స్క్రీన్ మీద పెట్టకండి. నేను చెప్పిన ఆ తండ్రి ఫోటో నా దగ్గర లేదు, ఇచ్చిన రోజే తీసేశాను. మీ ఇంట్లో పాత పెళ్లి ఆల్బమ్‌లు ఉంటాయి. పెద్దవాళ్లను అడిగి, ఒప్పుకుంటే ఒక గ్రూప్ ఫోటోను స్కాన్ చేసి దాని మీద పాఠం చెప్పండి. సంతకం పాఠానికి ఉత్తుత్తి సంతకం చేసుకోండి.

మా కౌంటర్ దగ్గర నేను రాసి పెట్టుకున్న నోట్‌బుక్ తెచ్చాను, ఆ తలుపు పక్క టేబుల్ మీద ఉంది. పేర్లు, నంబర్లు ఏవీ లేవు, అడిగిన ప్రశ్నలే ఉన్నాయి. ఎవరు ఏ ప్రశ్న తీసుకుంటున్నారో దాని పక్కన రాసి వెళ్లండి. సంతకం పాఠం ముందు కావాలి, ఏ రోజు నోటిఫికేషన్ పడుతుందో తెలియదు. గ్రూప్ ఫోటో పాఠం తీసుకునేవాళ్లు సాయంత్రం ఆరు తర్వాత షాపుకు రండి, పక్కన కూర్చుని చేద్దాం.