వైరస్ అందరికీ, క్యాన్సర్ కొందరికే: జన్యువుల వాటా ఎంత?

అందరికీ నమస్కారం. సభలో ఏఎన్‌ఎమ్‌లు, నర్సింగ్ విద్యార్థినులు, పీహెచ్‌సీ డాక్టర్లు ఉన్నారు కాబట్టి మీకు తరచూ ఎదురయ్యే ప్రశ్నతోనే మొదలుపెడతాను. "మా అమ్మ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో పోయింది. నాకూ వస్తుందా మేడమ్?"

ఈ క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ, అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్. దీనిలో చాలా రకాలున్నాయి, వాటిని అంకెలతో పిలుస్తారు. 1983లో జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం ఈ కణితుల్లో 16వ రకాన్ని, ఆ మరుసటేడు 18వ రకాన్ని పట్టుకుంది. సుమారు 70 శాతం కేసులకు ఈ రెండే కారణం. పెళ్లయిన ఆడవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక హెచ్‌పీవీ సోకుతుంది. పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి రెండేళ్లలోపే దానంతటదే పోతుంది. పోకుండా తిష్ఠ వేసిన చోట, పదిహేను ఇరవై ఏళ్లకు, క్యాన్సర్ తలెత్తవచ్చు. మరి ఆ కొందరిలోనే ఎందుకు పోదు?

స్వీడన్‌లో 1999లో దీన్ని తెలివిగా తేల్చారు. కన్నతల్లికి ఈ జబ్బు ఉన్న కూతుళ్లను, పెంచిన తల్లికి ఉన్న కూతుళ్లను పోల్చారు. కన్నతల్లికి ఉంటే ముప్పు రెట్టింపుకు కాస్త తక్కువ. పెంచిన తల్లికి ఉంటే దాదాపు మామూలే. ఒకే ఇంట్లో పెరగడం కాదు, రక్తసంబంధమే లెక్కలోకి వచ్చింది.

ఆ రక్తసంబంధంలో మనకు స్పష్టంగా తెలిసిన భాగం ఆరో క్రోమోజోమ్ మీదున్న హెచ్‌ఎల్‌ఏ జన్యువులు. వైరస్ ప్రోటీన్ ముక్కల్ని కణం పైకి తెచ్చి, ఒంటిని కాపాడే టీ కణాలకు చూపించేవి ఇవే. ఈ జన్యువులు మనిషి మనిషికీ రకం మారతాయి. డీఆర్‌బీ1*13 రకం ఉన్నవాళ్లకు కొంత రక్షణ కనిపించింది, డీఆర్‌బీ1*15:01 ఉన్నవాళ్లకు ముప్పు కొంత ఎక్కువగా కనిపించింది. అయితే ఆ "కొంత" ఎంతో గుర్తుంచుకోండి. 2013లో స్వీడన్ స్త్రీల జీనోమ్ అధ్యయనంలో బయటపడ్డ ఒక్కో తేడా ముప్పును పాతిక నుంచి నలభై శాతం దాకా అటో ఇటో జరిపింది, అంతే. పైగా ఆ లెక్క యూరప్ జనాభాది. ఇంటికి కిట్ పంపించి ఉమ్మితో "క్యాన్సర్ రిస్క్ రిపోర్ట్" ఇచ్చే కంపెనీల అంకెలు మన ఆడవాళ్లకు అలాగే అతుకుతాయని నేను నమ్మను.

ఎప్‌స్టీన్–బార్ వైరస్ విషయమూ ఇంతే. ప్రపంచంలో పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా ఒంట్లో అది ఉంటుంది. దానివల్ల ముక్కు వెనక గొంతులో వచ్చే క్యాన్సర్ మాత్రం దక్షిణ చైనాలో, మన దేశంలో నాగాలాండ్‌లో ఎక్కువ. దక్షిణ చైనా వాళ్లలో హెచ్‌ఎల్‌ఏ-ఏ*11:01 రక్షణనిస్తుంది, ఏ*02:07 ముప్పు పెంచుతుంది.

కాబట్టి ఆ కూతురికి జన్యు పరీక్ష రాయొద్దు. ముప్ఫై ఏళ్లు నిండగానే స్క్రీనింగ్ తప్పకుండా చేయించండి. హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష దొరికితే అదే మేలు. ఎసిటిక్ యాసిడ్ పరీక్ష చేసేవాళ్లు 3 నుంచి 5 శాతం ద్రావణం గర్భాశయ ముఖద్వారానికి పూసి, చెడిన చోటు తెల్లబడేదాకా పూర్తిగా ఒక నిమిషం ఆగాలి. క్యూ పెద్దదని ఇరవై సెకన్లకే చూసి "నార్మల్" రాసేస్తే తెల్లమచ్చ తేలకముందే వదిలేసినట్టు. ముట్లుడిగిన ఆడవాళ్లలో చూడాల్సిన సంధి, అంటే ముఖద్వారంలో రెండు రకాల కణాలు కలిసే గీత, లోపలికి జరిగిపోతుంది, వాళ్లకు ఈ పద్ధతి నమ్మకం కాదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు స్క్రీనింగ్ 25 ఏళ్లకే మొదలుపెట్టాలి.

ఇక జన్యు పరీక్ష నిజంగా కావలసిన కేసు వేరే ఉంది. అరుదైనదే అయినా, మేనరికాలున్న మన ప్రాంతంలో తెలిసి ఉండాల్సింది. ఎపిడెర్మోడిస్‌ప్లాసియా వెరూసిఫార్మిస్ అనే వంశపారంపర్య చర్మవ్యాధి అది, 1922లో మొదట వర్ణించారు. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల్లో ఛాతీ మీద, మెడ మీద శోభిలాంటి పొలుసు మచ్చలు, చేతుల వెనక చదునైన పులిపిర్లు కనిపిస్తాయి. శోభి అనుకుని ఫంగస్ క్రీము రాస్తూ ఏళ్లు గడిపేస్తారు. మచ్చను గీకి, కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ద్రావణం వేసి సూక్ష్మదర్శినిలో చూడండి. ఫంగస్ లేకపోతే, క్రీముకూ తగ్గకపోతే, బయాప్సీకి పంపండి.

17వ క్రోమోజోమ్ మీదున్న ఎవర్1, ఎవర్2 జన్యువుల్లో ఏదో ఒకదాని రెండు ప్రతులూ (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి) చెడటమే చాలా కేసుల్లో కారణం. 2002లో గుర్తించారు. ఆ ప్రోటీన్లు చర్మకణాల్లో 5, 8 వంటి హెచ్‌పీవీ రకాలకు తాళం వేసి ఉంచుతాయి. తాళం ఊడితే, మామూలు మనుషుల్లో ఏమీ చేయని ఆ వైరస్‌లే చెలరేగుతాయి. 30 నుంచి 60 శాతం మందికి, ముప్ఫై నలభై ఏళ్ల వయసు వచ్చేసరికి, ఎండ తగిలే చోట చర్మ క్యాన్సర్ వస్తుంది. మేనబావ–మరదళ్ల బిడ్డలో ప్రతి పదహారు జన్యువుల్లో ఒకటి, మేనమామ–మేనకోడళ్ల బిడ్డలో ఎనిమిదింటిలో ఒకటి ఒకే పూర్వీకుడి నుంచి రెండు వైపులా వచ్చి ఉంటుంది. ఒక బిడ్డకు జబ్బు తేలితే తర్వాత ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉన్నట్టే.

ఈ పిల్లలకు నిండు చేతుల చొక్కా, టోపీ, సన్‌స్క్రీన్ చిన్నప్పటి నుంచే అలవాటు చేయాలి. పొలం పని మిట్టమధ్యాహ్నం వద్దు. ఆరునెలలకోసారి చర్మమంతా చూడాలి. పుండు పడితే కోసి తీయాలి, రేడియేషన్ మంచిది కాదు, అది కొత్త కణితులకు దారితీయొచ్చు.

చివరగా టీకా. మన దేశపు హెచ్‌పీవీ టీకా సెర్వావాక్ 6, 11, 16, 18 రకాలను ఆపుతుంది, 5, 8 రకాలను కాదు. ఈ చర్మవ్యాధి ఉన్న పాప చర్మానికి దానితో పెద్ద లాభం ఉండదు. కానీ గర్భాశయ ముఖద్వారానికి అందరు ఆడపిల్లల్లాగే 9–14 ఏళ్ల మధ్య ఆ పాపకూ వేయించాల్సిందే.