‘కాస్త’ అన్నం ఎంత?

శ్రోతలకు నమస్కారం. నాకు షుగర్ అని తేలిన రోజే మా ఇంట్లో పంచదార డబ్బా పై అరలోకి ఎక్కేసింది. టీ చప్పగా తాగుతున్నాను, స్వీటు ముట్టడం లేదు. అయినా భోజనమైన రెండు గంటలకు వేలు గుచ్చి చూస్తే మీటరులో అంకె దిగదు. “ఏం తింటున్నారు?” అని అడిగారు డైటీషియన్. “ఏముందమ్మా, అందరిలాగే కాస్త అన్నం” అన్నాను. ఆ ‘కాస్త’ ఎంతో తూచి రమ్మన్నారావిడ.

తూచాను. వంటింటి కాటా మీద ఖాళీ కంచం పెట్టి సున్నా చేశాక, మా ఆవిడ రోజూలాగే వడ్డించింది. పప్పులోకి ఒక హస్తం, పులుసులోకి ఇంకో హస్తం, పెరుగులోకి సగం. మొత్తం 310 గ్రాములు. అరిగాక రక్తంలో చక్కెరగా మారేది అన్నంలోని పిండిపదార్థమే. వండిన అన్నం 100 గ్రాముల్లో అది సుమారు 28 గ్రాములు. అంటే నా కంచంలో 85 పైమాటే. చెంచా పంచదార 5 గ్రాములనుకుంటే పదిహేడు చెంచాలు! టీలో రెండు చెంచాలు మానేసి పెద్ద త్యాగం చేశాననుకున్నాను.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాలకు పోషకాల పట్టికలు వేసింది. చూసేటప్పుడు ఒక్క జాగ్రత్త. బియ్యం లెక్క వేరు, అన్నం లెక్క వేరు. బియ్యం 100 గ్రాముల్లో పిండిపదార్థం 78 దాకా ఉంటుంది. నీళ్లు పీల్చుకుని అన్నమయ్యాక అదే 100 గ్రాములకు 28. ఇక్కడే చాలామంది తికమకపడతారు. మా బావమరిది రాగి సంకటికి అసలు లెక్కే లేదంటాడు. రాగుల్లో పీచు ఎక్కువ, మంచిదే. కానీ రాగి పిండి 100 గ్రాముల్లోనూ పిండిపదార్థం 70కి దగ్గరే. ముద్ద మీద ముద్ద వేసుకుంటే మీటరు ఊరుకోదు.

నాకు పూటకి పిండిపదార్థం 60 గ్రాముల లోపు ఉండాలన్నారు డైటీషియన్. అందరికీ అదే లెక్క కాదు, మీ డాక్టరును అడగండి. ముఖ్యంగా ఇన్సులిన్‌ తీసుకునేవాళ్ళు, కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్ళు సొంతంగా అన్నం తగ్గించేసుకుంటే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు వచ్చి మీటరులో 70 కన్నా తక్కువ చూపిస్తే, వెంటనే 15 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలాగి మళ్ళీ చూసుకోవాలి.

ఇప్పుడు రోజూ తూచడం లేదు. సరిగ్గా 150 గ్రాముల అన్నం పట్టే స్టీలు గిన్నె ఒకటి దొరికింది. అందులో పిండిపదార్థం 42 గ్రాములు. పప్పు, పెరుగు కలిసినా 60 దాటదు. పెళ్ళిళ్ళలో మాత్రం గిన్నె కుదరదు. మొన్న మారు వద్దని విస్తరికి చెయ్యి అడ్డం పెడితే, వడ్డించే అబ్బాయి వేళ్ళ సందుల్లోంచే పులిహోర వేసి వెళ్ళాడు. తిన్నది లెక్క రాసుకునే నా పుస్తకంలో ఆ పూట ఎదురుగా అంకె లేదు. ‘పులిహోర’ అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.