బ్యారక్ వాకిట్లో జోడిపి పిల్ల

నెల్లూరులో పశువైద్యులు, జైలు సిబ్బంది, కౌన్సెలర్ల ముందు చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం.

ఖైదీ మహిళలకు జంతువుల తోడు అనగానే కుక్క గుర్తొస్తుంది. 1981లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర మహిళల జైల్లో ఈ పని మొదలైంది కుక్కలతోనే. మన నెల్లూరుకు మాత్రం గొర్రెపిల్లే నయమని మా అభిప్రాయం. కళ్ల చుట్టూ, మూతి మీద నల్లమచ్చలుండే మన నెల్లూరు గొర్రె రకం జోడిపి ఈ ఎండకే పుట్టింది. పల్లెటూరి ఆడవాళ్లకు దాన్ని పట్టుకోవడం కొత్తేమీ కాదు.

తల్లి చనిపోయిన గొర్రెపిల్లల్ని తీసుకోండి, అదీ మూడు వారాలు నిండాకే. ఇంకా చిన్నవాటికి రాత్రిపూట కూడా పాలు పట్టాలి. లాకప్ వేశాక అది కుదరదు. ఒంటరి పిల్ల రోజంతా అరుస్తుంది కాబట్టి జతగా తేవాలి. ఒక్కో పిల్లకు ఇద్దరు మహిళలుండాలి, రిమాండులో ఉన్నామెకు ఏ రోజైనా బెయిలు రావచ్చు.

ఐదు కిలోల పిల్లకు రోజుకు ముప్పావు లీటరు పాలు, నాలుగు విడతలుగా. కాచి, గోరువెచ్చగా చల్లార్చాలి. సీసా తలకిందులు చేస్తే పాలు చుక్కచుక్కగా రాలాలి, ధార కట్టకూడదు.

బిడ్డను ఇంట్లో వదిలొచ్చిన తల్లి గొర్రెపిల్లను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని పట్టబోతుంది. ఆ చేతులకు అలవాటైన పని అదే మరి. అలా తాగితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ఆమెను కసరొద్దు. పక్కన కూర్చుని, పిల్లను నాలుగు కాళ్ల మీద నిలబెట్టి, సీసాను పొదుగు ఎత్తున పట్టి చూపండి. ఇంటి సంగతులు నోటికొచ్చేది ఆ కాసేపట్లోనే. కౌన్సెలర్ అప్పుడు అక్కడుండాలి, మర్నాడు వస్తే లాభం లేదు.

ముద్దుకొద్దీ తలా కాస్త పాలు పడితే పారుడు పట్టుకుంటుంది. ఎవరు, ఎప్పుడు, ఎన్ని మిల్లీలీటర్లు పట్టారో గోడ పలక మీద రాయించండి. మూతిపుండ్లు కనిపిస్తే పిల్లను వెంటనే వేరు చేయాలి, అవి మనుషుల చేతులకూ అంటుకుంటాయి. గర్భిణులకు ఈ పని అప్పజెప్పకండి. ఆరేళ్లలోపు పిల్లలు కూడా తల్లులతో లోపలే ఉంటారు గనుక సబ్బు, కుళాయి దొడ్డి పక్కనే ఉండాలి.

పాలు మరిచాక పిల్ల ఎక్కడికి పోతుందో మొదటే తేల్చుకోండి. పొట్టేలు పిల్లల్ని అసలు తేవద్దు. తన చేత్తో సాకింది కసాయి దగ్గరికి పోయిందని వింటే ఆమె తట్టుకోలేదు. ఆడవాటినే తీసుకుని, మందలో ఉంచుకుంటానన్న కాపరితో కాగితం రాయించుకోండి. వెళ్లే తేదీ ఆమెకు తొలిరోజే చెప్పండి. ఆ రోజు కోర్టు వాయిదా గానీ పండగ గానీ కాకుండా చూసుకోండి. తాడు ఆమే అందించాలి. కొత్త జతను వెంటనే తెచ్చిపెట్టొద్దు. పది రోజులు ఆగి, మళ్లీ కావాలా అని ఆమెనే అడగండి.