సాలీడు నావైపు తిరిగి చూసింది

శ్రోతలకు నమస్కారం.

మొక్కలంటే ప్రాణం, పురుగులంటే భయం. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. నీళ్ళు పోస్తుంటే ఏ ఆకు కిందో ఏదో కదిలిందంటే చాలు, నీళ్ళ డబ్బా ఒకవైపు, నేను ఒకవైపు. ఎండుటాకు మెడ మీద పడితే కెవ్వుమని అరిచి ఇంట్లోవాళ్ళందర్నీ బయటికి పరుగెత్తించిన రోజులున్నాయి. పెరట్లో ఓ మూల సాలెగూళ్ళు ఎక్కువ. కలుపు మోకాలెత్తు పెరిగినా అటు వెళ్ళేదాన్ని కాదు. వెళ్ళకపోతే ఏం కొంప మునిగింది అనుకునేదాన్ని. మొదట ఆ మూల పోయింది. తర్వాత దాని పక్కనున్న మందార పోయింది. ఏడాది తిరిగేసరికి నా తోట అంటే గుమ్మం పక్కనున్న నాలుగు కుండీలే.

తప్పించుకుని వచ్చేసిన ప్రతిసారీ ‘హమ్మయ్య’ అనిపిస్తుంది చూడండీ, చిక్కంతా అక్కడే ఉంది. పారిపోయాను కాబట్టే బతికాను అని ఒంటికి ఒక లెక్క పడిపోతుంది. నిజానికి అక్కడ నిలబడినా ఏమీ జరిగేది కాదు. కానీ నిలబడి చూస్తేగా తెలిసేది.

“అదెంత, నువ్వెంత! నిన్నేం చేస్తుందే?” అనేది మా అక్క. ఆ లెక్క నాకు తెలియక కాదు. చార్లెస్ డార్విన్ అంతటివాడికే తెలివి అక్కరకు రాలేదు. ఆయన ఒకసారి లండన్ జంతు ప్రదర్శనశాలలో, విషసర్పం ఉన్న గాజు పెట్టె ముందు ముఖం పెట్టి నిలబడ్డాడు. పాము మీదికి దూకినా వెనక్కి జరగకూడదని గట్టిగా నిశ్చయించుకున్నాడు. పాము దూకింది. ఆయన ఒకటి రెండు గజాలు వెనక్కి ఎగిరిపడ్డాడు. ఈ సంగతి ఆయనే రాసుకున్నాడు. మధ్యలో దళసరి గాజు ఉందని ఆయనకు తెలుసు. ఆయన కాళ్ళకు తెలియదు.

అంటే నేర్పాల్సింది బుర్రకు కాదు, కాళ్ళకు. అది ఎలా నేర్పాలో 1924లోనే మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త చూపించింది. పీటర్ అని మూడేళ్ళు నిండని పిల్లవాడు. కుందేలంటే హడలిపోయేవాడు. వాడికి ఇష్టమైనవి తినిపిస్తూ, బోనులో ఉన్న కుందేలును దూరంగా పెట్టి, రోజురోజుకీ కొంచెం కొంచెం దగ్గరికి జరిపారు. కుందేలంటే భయం లేని పిల్లల్ని కూడా పక్కన ఆడుకోనిచ్చారు. చివరికి పీటర్ ఆ కుందేలును చేత్తో నిమిరాడు. ధైర్యం గురించి వాడికి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. దూరం తగ్గించారు, అంతే.

నేనూ అదే దారి పట్టాను. ముందు బొమ్మలు చూశాను. మొదటి రెండు రోజులు అది కూడా కళ్ళు సగం మూసుకునే. తర్వాత కిటికీకి అవతల గూడు కట్టిన సాలీడును, అద్దానికి ఇవతల కూర్చుని చూశాను. ఆ తర్వాత తోటలోకి వెళ్ళాను, అదీ తెల్లవారుజామున. చల్లటి వేళ పురుగులు మందకొడిగా ఉంటాయి. వాటిలో చాలావాటికి ఒంట్లో వేడి బయటినుంచే రావాలి. నన్ను భయపెట్టేది వాటి ఆకారం కంటే ఆ హఠాత్తుగా పరుగెత్తడం. పరుగెత్తని వేళలో వెళ్తే సగం పోరు తగ్గినట్టే.

ఒకరోజు పొద్దున ఓ కుండీ అంచు మీద పెసరగింజంత సాలీడు కనిపించింది. ఒళ్ళంతా నూగు. గూడు కట్టకుండా గెంతి వేటాడే రకం అది. నా చెయ్యి దానికి జానెడు దూరంలో ఉంది. గుండె గొంతులోకి వచ్చింది. ముప్పై దాకా లెక్కపెట్టి అప్పుడు పోదాం అనుకున్నాను. పదకొండో పన్నెండో దగ్గర అది గిర్రున నావైపు తిరిగింది. ముందువైపు నాలుగు కళ్ళు, మధ్యలో రెండు పెద్దవి, నల్లగా నిగనిగలాడుతూ. వేలు కుడివైపు జరిపాను. అదీ కుడివైపు తిరిగింది. ఎడమకు జరిపాను, ఎడమకు తిరిగింది. నేను దాన్ని చూస్తున్నాననుకుంటే, అదే నన్ను పరీక్షగా చూస్తోంది! సాలీళ్ళలో చాలావాటికి చూపు అంతంతమాత్రం, అదురును బట్టే లోకం తెలుస్తుంది. ఈ గెంతే రకానికి మాత్రం చూపు చాలా గొప్పది. తర్వాత అది ఎదురుగా ఉన్న ఆకు మీదికి ఎగిరింది. ఎగిరే ముందు కుండీ అంచుకు ఒక దారం అతికించుకుంది, జారితే పట్టు దొరకాలని. ఎండ పడి ఆ దారం ఒక్క క్షణం మెరిసింది. లెక్క ఎక్కడ ఆగిందో నాకు గుర్తు లేదు.

భయం ఆ రోజే పోయిందని చెప్పను. మర్నాడు ఇంకో సాలీడు కనబడితే మళ్ళీ అదే దడ. కానీ ఈసారి దడతో పాటు ‘ఇది ఏ రకం?’ అనే ప్రశ్న కూడా వచ్చింది. ఆ ప్రశ్న వచ్చిన చోట భయం కాస్త ఇరుకున పడుతుంది.

ఇంకో చిట్కా వింటే నవ్వుతారేమో. భయం వేసినప్పుడు పైకి చెప్పేయాలి. “నాకేం భయం లేదు” అని బుకాయించకూడదు. “ఈ నల్ల సాలీడును చూస్తే నాకు అసహ్యంగా ఉంది, మీదికి దూకుతుందేమోనని భయంగా ఉంది” అని ఉన్నదున్నట్టు అనాలి. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో ఇలాంటి ప్రయోగమే ప్రచురించారు. సాలీడంటే భయపడేవాళ్ళను పెద్ద సాలీడు దగ్గరికి తీసుకెళ్ళారు. కొందరిని ‘అదేం చేయదులే’ అని మనసుకు నచ్చజెప్పుకోమన్నారు, కొందరిని ధ్యాస మళ్ళించుకోమన్నారు, కొందరిని భయాన్ని మాటల్లో చెప్పమన్నారు. వారం తర్వాత మళ్ళీ ఎదురుగా నిలబెడితే, మాటల్లో చెప్పినవాళ్ళ చేతులకే తక్కువ చెమట పట్టింది. నేను మొక్కల మధ్య నాలో నేను గొణుక్కోవడం చూసి పక్కింటివాళ్ళు ఏమనుకున్నారో మరి!

దగ్గరగా చూడటం మొదలయ్యాక నాకు సిగ్గు కూడా కలిగింది. ఆకుల మీద మొసలిపిల్లల్లా, నల్లటి ఒంటి మీద నారింజ మచ్చలతో చిన్న పురుగులు తిరుగుతుంటే అసహ్యమేసి, చెప్పుతో నలిపేసేదాన్ని. అవి అక్షింతల పురుగు పిల్లలట! పెద్దయ్యాక ఎర్రగా ముద్దొస్తుందని ఫొటోలు తీసుకుంటామే, అదే. పిల్లగా ఉన్నప్పుడే ఒక్కొక్కటి వందల కొద్దీ పేనుబంకను తింటుంది. మందారకు పేనుబంక పట్టిందని ఒకవైపు ఏడుస్తూ, ఇంకోవైపు దాన్ని తినేవాళ్ళను నేనే చంపుకున్నాను.

సాలీడు నడక చూస్తే జుగుప్సగా ఉంటుందనేవాళ్ళకు ఒక మాట. దాని కాళ్ళలో ముఖ్యమైన కీళ్ళను చాచడానికి కండరాలు ఉండవు. ఒంట్లోని ద్రవాన్ని కాళ్ళలోకి నెట్టి, ఆ ఒత్తిడితో చాచుకుంటుంది. ఆ విచిత్రమైన నడకకు అదీ ఒక కారణమే. చచ్చిన సాలీడు కాళ్ళు ముడుచుకుని పడి ఉండేది కూడా అందుకే, నెట్టే ఒత్తిడి పోయింది కనుక. ఇది తెలిశాక నాకు దాని నడకలో యంత్రం కనిపిస్తోంది.

అన్నింటినీ నమ్మేయమని మాత్రం అనను. కందిరీగల పట్టు కనిపిస్తే దూరంగా ఉండండి. బొచ్చు గొంగళిని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, దద్దుర్లు వస్తాయి. సాలీళ్ళలోనూ మనిషికి ప్రమాదమైన రకాలు కొన్ని ఉన్నాయి, కాబట్టి దేన్నీ చేత్తో పట్టుకోనక్కర్లేదు. చూస్తే చాలు. చేతులకు గ్లౌజులు వేసుకోండి. బయట వదిలిన చెప్పులు, బూట్లు దులిపి తొడుక్కోండి. కుండీనో రాయినో ఎత్తేటప్పుడు అవతలి అంచు పట్టుకుని మీవైపుకు వంచండి. కింద ఏదైనా ఉంటే అటువైపు పోతుంది, మీ కాళ్ళ మీదికి రాదు. తేనెటీగో కందిరీగో కుట్టాక పెదవులు, గొంతు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఇంటి వైద్యాలతో కాలయాపన చేయకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

భయం మరీ ముదిరి బయటికి రావడమే మానేసినవాళ్ళు, నిద్ర పట్టనివాళ్ళు ఒంటరిగా కుస్తీ పట్టక్కర్లేదు. స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్ యోరాన్ ఓస్ట్ 1989లోనే ఒక పద్ధతి రాశాడు. నిపుణుడు పక్కనుండి, ఒకే విడతలో, మూడు గంటలు మించకుండా అంచెలంచెలుగా సాలీడు దగ్గరికి నడిపిస్తాడు. నాకు నెలలు పట్టిన దారి అది.

ఇప్పుడా మూలకి వెళ్తున్నాను. ముఖానికి గూడు తగలకుండా ముందు ఓ పుల్ల ఊపుకుంటూ వెళ్తాను, అంతే తేడా. చక్రంలా గూడు అల్లే సాలీళ్ళలో చాలా రకాలు పాత గూడును తామే తినేసి కొత్తది అల్లుకుంటాయి. అందుకని ఒకటి తెగినా నాకు పెద్దగా పాపభయం లేదు. రోకలిబండ పురుగు కనబడితే కూడా కంగారు లేదు. ముట్టుకుంటే చుట్ట చుట్టుకుంటుంది, కరవదు. దాని ఒంటి నుంచి వచ్చే ద్రవం కళ్ళలో పడితే మండుతుంది కనుక చేతులు కడుక్కుంటాను.

జెర్రి సంగతి మాత్రం అడక్కండి. అది కరుస్తుంది, పైగా ఆ వేగం! మొన్న ఓ కుండీ వంచితే బయటపడింది. అది ఒకవైపు పరుగెత్తింది, నేను ఒకవైపు పరుగెత్తాను. పది నిమిషాలాగి తిరిగొచ్చి, ఆ కుండీని మళ్ళీ దాని చోట నిలబెట్టాను. పొడవాటి కర్రతో లెండి.

నమస్కారం.