ముందు ఒక రోజు పని చేసి చూడండి

పిల్లలకూ, వాళ్ల వెంట వచ్చిన పెద్దలకూ నమస్కారం.

మైకు చేతికిచ్చారు కదా అని గంటసేపు వాయించను. నేను వెల్డింగ్ నేర్పేవాణ్ణి. ఆర్క్ అంటే రాడ్ కొస నుంచి లోహానికి కరెంటు దూకేటప్పుడు వచ్చే మెరుపు, ఆ చప్పుడులో అరిచి అరిచి నా గొంతు ఇలా అయింది, ఎవరినీ కోప్పడుతున్నానని అనుకోకండి.

పదకొండు, పన్నెండు తరగతుల పిల్లల్ని అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. ‘ఏమవుదామనుకుంటున్నావు?’ ఇంజినీరు అంటారు, నర్సు అంటారు, డిజైనరు అంటారు. అవి పనుల పేర్లు. ఆ పేరు వెనక పొద్దున్నించి సాయంత్రం దాకా చేతులు ఏం చేస్తుంటాయో, నడుము ఎలా ఉంటుందో ఎవరూ అడగరు.

ఒక అబ్బాయి సంగతి చెబుతాను. ఫోన్లో నిప్పురవ్వల వీడియోలు చూసి వెల్డింగ్ మీద మనసు పారేసుకున్నాడు. సరే రమ్మన్నాను. తోలు గ్లౌజులు, హెల్మెట్ పెట్టించి, వెల్డింగ్ రాడ్‌ని పట్టుకునే హోల్డర్ చేతికిచ్చాను. రాడ్ ప్లేటుకి తగిలించాడు, అతుక్కుపోయింది. పీకాడు. మళ్లీ తగిలించాడు, మళ్లీ అతుక్కుంది. రాడ్ కొసకీ ప్లేటుకీ మధ్య దాదాపు రాడ్ మందమంత ఎడం ఉండాలి. దగ్గరైతే అతుక్కుంటుంది, మరీ దూరమైతే ఆర్క్ ఆరిపోతుంది. పైగా రాడ్ కరిగి పొట్టిదవుతూ ఉంటుంది కనక చెయ్యి కూడా దానితోపాటే కిందికి దిగుతూ రావాలి. మధ్యాహ్నానికి కుర్రాడి భుజాలు పట్టేశాయి. అతుకు మీద పెంకులా గట్టిపడ్డ స్లాగ్ కొట్టి చూస్తే, కింద అతుకు గీత, దాన్నే బీడు అంటాం, వానపాములా వంకర్లు తిరిగి ఉంది.

వాడికి తోడుగా వాళ్లక్క వచ్చింది, కామర్స్ చదువుతోంది. ఆర్క్ వెలుగు కళ్లకి తగలకుండా కట్టిన తెర అవతల ఊరికే కూర్చుని ఉన్న పిల్ల, ఉన్నట్టుండి ‘ఇప్పుడు బాగా వస్తోంది కదండీ?’ అంది. ఆర్క్ కుదురుగా ఉంటే చప్పుడు ఒకే తీరుగా వస్తుంది. నేను నెలలు పట్టి నేర్పే సంగతి ఆ అమ్మాయి చెవులతో పట్టేసింది. ఇప్పుడు తను వెల్డింగ్ తనిఖీ పని చేస్తోంది. అల్ట్రాసోనిక్ పరికరంతో అతుకు లోపల పగుళ్లు వెతుకుతుంది. తమ్ముడు డ్రాఫ్టింగ్‌లో, అంటే కొలతలతో నమూనా బొమ్మలు గీసే పనిలో చేరాడు, హాయిగా ఉన్నాడు. ఆ ఒక్క పూట రాకపోయి ఉంటే వాడు ఫీజు కట్టి రెండేళ్లు తిప్పలు పడేవాడు, తనకి నప్పే పని ఒకటుందని ఆ పిల్లకి తెలిసేదే కాదు.

ఈ ఆలోచన నా సొంతమేం కాదు. 1908లో బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన, యువతకి ఉద్యోగం ఎంచుకోవడంలో సాయపడ్డానికి ఒక కార్యాలయం తెరిచాడు. నిన్ను నువ్వు తెలుసుకో, పని గురించి తెలుసుకో, ఆ రెంటికీ పొత్తు కుదురుతుందో లేదో లెక్క చూసుకో అన్నాడు. తర్వాత జాన్ హాలండ్ మనుషుల ఆసక్తుల్ని ఆరు రకాలుగా విడదీశాడు. ఇవాళ మీరు కంప్యూటర్ మీద రాసే కెరీర్ పరీక్షలు చాలామటుకు ఆ పద్ధతి మీద నడిచేవే. రాయండి, తప్పు లేదు. కానీ పార్సన్స్ చెప్పిన మొదటి మాటకి మాత్రమే, అదీ సగమే, అవి పనికొస్తాయి. పని గురించి తెలియాలంటే పని దగ్గరికి వెళ్లాల్సిందే.

అందుకే ఇలాంటి ప్రసంగాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు, నాదాంతో కలిపి. ఇంగ్లండ్‌లో 2014లో, మంచి కెరీర్ సలహా అంటే ఎలా ఉండాలో ఎనిమిది కొలమానాలు పెట్టారు. పని చేసే చోటుకి వెళ్లి చూడటం అందులో ఒకటి. పదహారేళ్లు నిండేలోపు ఒకసారి, పద్దెనిమిది నిండేలోపు ఇంకోసారి కౌన్సెలర్‌తో విడిగా కూర్చుని మాట్లాడటం మరొకటి. ఏడాదికోసారి హాల్లో అందర్నీ కూర్చోబెట్టి మైకు పెట్టేస్తే అయిపోదు. ముందు వరసలో ఉన్న టీచర్లు నా వైపు కాస్త గుర్రుగా చూస్తున్నారు. చూడనీండి.

ఇక శిక్షణ. కొన్ని చోట్ల బడిలోనే వృత్తి కోర్సు ఉంటుంది, కొన్ని చోట్ల విడిగా శిక్షణ కేంద్రాలుంటాయి, నెలల్లో అయ్యే సర్టిఫికెట్లున్నాయి, పనిలో చేరి పని చేస్తూనే నేర్చుకునే అప్రెంటిస్‌షిప్ ఉంది. జర్మనీలో కంపెనీతో ఒప్పందం రాసుకుని వారంలో ఒకటి రెండు రోజులు బడికి, మిగతా రోజులు పనికి వెళ్తారు. రెండు నుంచి మూడున్నరేళ్లు, కంపెనీ భత్యం ఇస్తుంది. స్విట్జర్లాండ్‌లో దాదాపు మూడింట రెండొంతుల మంది పిల్లలు వృత్తి విద్యలోకే వెళ్తారు. ఎందుకు భయపడరంటే, అక్కడి నుంచి పైకి తలుపు ఉంది. వృత్తి చదువుతోపాటు ఇంకో పరీక్ష ప్యాసైతే అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయాల్లో చేరొచ్చు. ఫిన్లాండ్‌లోనూ వృత్తి విద్య పూర్తిచేసిన వాళ్లు పై చదువులకి దరఖాస్తు చేసుకోవచ్చు.

ఆ తలుపు సంగతి ముందే అడగాలని నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. కుర్రతనంలో ఒక సంస్థలో ఏడాదిన్నర కోర్సు చేశాను. గోడ మీద ఫొటోలు, రంగురంగుల సర్టిఫికెట్. తీరా పై కోర్సుకి వెళ్తే ఆ కాగితానికి గుర్తింపు లేదన్నారు. మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాను. అందుకని చేరే ముందు, ఈ సర్టిఫికెట్‌ని ఎవరు గుర్తిస్తారు, దీని తర్వాత ఎక్కడ చేరొచ్చు అని అడగండి. నోటిమాట నమ్మకండి, కాగితం మీద చూపించమనండి. మెషీన్ మీద రోజుకి ఎన్ని గంటలు చెయ్యి పెట్టనిస్తారో కూడా అడగండి. ముప్పై మందికి ఒక్క మెషీనైతే మీరు నేర్చుకునేది నిలబడటం.

అప్రెంటిస్‌గా చేరితే ఒప్పందం, బీమా, పని గంటలు రాతలో ఉండాలి. పద్దెనిమిది లోపు వాళ్లని ప్రమాదకరమైన పనిలో పెట్టకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడికే ఉంది. ఆర్నెల్లు ఊడ్పించి అప్రెంటిస్ అంటే ఒప్పుకోకండి.

తల్లిదండ్రులు మనసులో అనుకునేది నాకు తెలుసు. చదువు ఎక్కని వాళ్లకేగా చేతిపని అని. ఇదిగో కొవ్వొత్తి. దీనికి ఈ కాగితం నాలుగు చుట్లు చుడుతున్నాను. ఇప్పుడు కత్తితో ఏటవాలుగా, ఒక్క వేటున... కోశాను. కాగితం విప్పి పట్టుకుంటాను, చూడండి. అంచు అలల్లా వచ్చింది కదా? మీ పిల్లల లెక్కల పుస్తకంలో ఉన్న సైన్ వక్రరేఖే ఇది. గొట్టానికి మోచెయ్యి మలుపు తిప్పాలంటే రేకు పనివాడు చదునైన రేకు మీద ముందు ఈ గీత గియ్యాలి. గీత తప్పితే అతుకు కలవదు. ఈ కోత చూశాక త్రికోణమితి అర్థమైందన్న పిల్లలు నా దగ్గర చాలామంది ఉన్నారు.

మాటలు చాలు. బయట నాలుగు బల్లలు వేశాం. ఒకదాని మీద టంకం పెట్టే సామాను, ఒకదాని మీద కట్టు కట్టడానికి రబ్బరు చెయ్యి, ఒకదాని మీద కొలత పనిముట్లు, చివర తెర వెనక నా వెల్డింగ్ సెట్టు. హెల్మెట్లు మూడే ఉన్నాయి, వరసలో రండి. చెప్పులతో వచ్చిన వాళ్లకి బూట్లు అక్కడే ఇస్తారు.